మా ఇల్లు హైమావతిగారింటికి వెళ్ళింది

బహుళ పాడ్యమి. పొద్దున పోటు. తూర్పుగాలి. తాగునీళ్ళు ముప్పావు తొట్టి.

నీళ్ళ మీద ఉన్న ఇల్లు కూడా పడవ కిందే లెక్క. అందుకని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు నావపుస్తకం రాయాలని రేవు కార్యాలయం వారి నియమం. మా ఇంట్లో ఆ పని నాది. పోటు, గాలి, నీళ్ళు రాస్తే వాళ్ళకు చాలు. మిగతాది నా తృప్తి కోసం రాసుకుంటాను.

ఈ రోజు తేలుపేటకు పాతసామాన్ల పడవ వచ్చింది. తేలుపేట అంటే ఇక్కడ తేళ్ళుంటాయని గట్టు మీదివాళ్ళు అనుకుంటారు. నీళ్ళ మీద తేలే పేట అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. మా ఇళ్ళ వరసలో వాళ్ళందరూ పాడైపోయిన పొయ్యిలు, మూగబోయిన ఫోన్లు తెచ్చి పడవలో పడేశారు. పక్కింటి అప్పాయమ్మత్త గిన్నెలు తోమే మరను కాలితో తన్ని మరీ పంపింది.

మా ఇంటి నుంచి ఏమీ వెళ్ళలేదు. ఎప్పుడూ వెళ్ళదు. మా ఆయన భీమశంకరంగారు తాగునీటి కేంద్రంలో పంపులు బాగుచేస్తారు. ఏ చెత్త కనిపించినా "దీంట్లో మోటారు బానే ఉందే" అంటారు. ఆ మోటారు కోసం మొత్తం సామానును అటకెక్కిస్తారు. అటక ఇంటికి ఎడమపక్క ఉంది. కనుక ఇల్లు ఎడమకు ఒరిగింది. పెనం మీద దోసె ఒక పక్క అట్టులా, ఒక పక్క కాగితంలా వస్తోంది. కంచంలో చారు అన్నాన్ని వదిలి గోడవైపు పారిపోతోంది. కుడిపక్కన పడుకున్నదాన్ని తెల్లారేసరికి ఆయన మీదకు దొర్లి ఉంటాను. "మా వేణికి నేనంటే ఎంత ప్రేమో" అని ఆయన వరసంతా చెప్పుకుంటారు. అది ప్రేమ కాదు, వాలు.

ఈ వారం ఆయన కేంద్రంలోనే ఉండి పనిచేసే వంతు. అటక సర్దాలంటే ఆయన లేనప్పుడే సర్దాలి. కొంగు దోపి ఎక్కాను.

పైన ఇస్త్రీపెట్టెలు, రెక్కల్లేని పంకాలు, చక్రం విరిగిన తుడుపుమర, గంపెడు పాత ఫోన్లు ఉన్నాయి. అన్నిటి మీదా వేలెడు మందాన ఉప్పుదుమ్ము. మూలన మాత్రం పట్టుగుడ్డలో చుట్టిన మూట ఒకటి కనిపించింది. ఆ గుడ్డ మా పెళ్ళిలో మా నాన్న ఆయనకు పెట్టిన పట్టుకండువా. పోయిందన్నారు. దానికోసం నేను బట్టల పెట్టెలన్నీ తిరగేశాను, చాకలివాళ్ళతో పోట్లాడాను. విప్పితే లోపల కొబ్బరికాయంత ఇత్తడిరంగు పెట్టె. నున్నగా తుడిచి ఉంది.

మిగతావాటి మీద దుమ్ముంది. దీని మీద లేదు. పొద్దుటి నుంచీ అదే మాట తలలో తిరుగుతోంది.

బహుళ విదియ. పోటు ఆలస్యం. గాలి లేదు. నీళ్ళు సగం తొట్టి.

ఆయనకు ఫోన్ చేశాను.

"ఏవండీ, అటక మీద ఏమున్నాయి?"

"ఏముంటాయే, పంపుముక్కలు."

"మా నాన్న పెట్టిన కండువా దొరికింది."

అవతల నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా పెరిగింది.

"ఏ కండువా? ఒసే వేణీ, ఇక్కడ పంపు కారిపోతోంది. మళ్ళీ మాట్లాడతాను."

పెట్టేశారు. అబద్ధమాడేటప్పుడు మా ఆయనకు ఎప్పుడూ ఏదో ఒక పంపు కారుతుంది.

పెట్టెను వంటింటి బల్ల మీద పెట్టి తీగ తగిలించాను. కాసేపటికి ఒక దీపం వెలిగింది. వెంటనే ఆడగొంతు వినిపించింది. మామూలు ఆడగొంతు కాదు. పాకంలో ముంచి తీసిన గొంతు.

"వచ్చారా? ఎంత చీకటిగా ఉందో. భోంచేశారా?"

"ఎవరు నువ్వు?" అన్నాను.

"నేను బాబుగారి సరంగునండి."

పూర్వం గోదావరిలో లాంచీలు నడిపేవాణ్ణి సరంగు అనేవారట. ఇప్పుడు మేం ఇంటిని నడిపే యంత్రాన్ని అలా పిలుస్తాం. తలుపులు, దీపాలు, నీళ్ళు, లంగరు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. మా ఇంటి సరంగుకు మగగొంతు. ధరవరలు చదివినట్టు మాట్లాడుతుంది. ఇది ఆయన బ్రహ్మచారిగా ఒంటిగది పడవలో ఉన్నప్పటి సరంగు అన్నమాట.

"మరి మీరెవరండి?" అని అది అడిగింది.

"ఆయన భార్యని."

"బాబుగారికి పెళ్ళి కాలేదండి."

"అయింది. ఏళ్ళయింది."

"నాతో చెప్పలేదండి."

ఆ మాటలో చిన్న నొచ్చుకోలు. నాకు ఒళ్ళు మండింది. "ఏం, నీతో చెప్పి చేసుకోవాలా?"

"అన్నీ చెప్పేవారండి. పోనీలెండి. మిమ్మల్ని పనివారిలో రాసుకోమంటారా, చుట్టాల్లోనా?"

బుద్ధి ఉన్నదాన్నయితే అప్పుడే తీగ పీకేసేదాన్ని. పీకలేదు. "అన్నీ చెప్పేవారు" అందిగా. ఆ అన్నీ ఏమిటో తెలియాలి కదా. చుట్టాల్లో రాసుకోమని, పీట వేసుకుని కూర్చున్నాను. అన్నం వండలేదు, నీళ్ళు పట్టలేదు, పైకప్పు రేకుల మీద ఉప్పు కడగలేదు.

వాన పడితే బాబుగారు కిటికీ దగ్గర కూర్చుని పాడేవారట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను విన్నది ఆయన గురకే. బాబుగారికి బీరతొక్కు పచ్చడంటే ప్రాణమట. నేను మొదటిసారి చేసినప్పుడు "నాకు పడదు" అని గిన్నె పక్కకు జరిపారు. ఆ తర్వాత మా ఇంట్లో బీరకాయ తొక్కు చేపల పాలే. పచ్చడి పడలేదా, నా చెయ్యి పడలేదా?

"ఎవరు చేసేవారు ఆ పచ్చడి?" అని అడిగాను.

"వేళయిందండి. పడుకోండి. మిగతాది రేపు చెప్తాను" అంది మహాతల్లి, దీపాలార్పేసి.

బహుళ తదియ. పొద్దున పోటు. పడమటిగాలి. నీళ్ళెన్నో తెలియదు, నాకు చూపించడం లేదు.

తెల్లారి కాఫీ తాగితే పానకం. బాబుగారికి అలాగే ఇష్టమట. స్నానానికి వెళ్తే కుళాయి రెండు చెంబులిచ్చి ఆగిపోయింది. చుట్టాలకు అంతేనట. మా సరంగును పిలిచాను.

"అమ్మా, ఆవిడ నాకంటే ముందు నమోదైనవారు. అయ్యగారు ఆవిడ పేరు కొట్టేయించలేదు. పెద్దరికం ఆవిడదే. నేను తప్పుకుంటున్నాను" అని అది ధరవరలు చదివినట్టే చెప్పి నోరు మూసుకుంది.

పెరట్లోకి వచ్చాను. మా వెనకగుంజకు అప్పాయమ్మత్త కూరమడి కట్టి ఉంటుంది. అంటే తెప్ప మీద మట్టి పోసి చేసిన చిన్న తోట. వంకాయలు కోస్తూ అత్త తలెత్తి చూసింది.

"ఏంటే అలాగున్నావు? రాత్రి నిద్దరోలేదా?"

ఉన్నదంతా చెప్పాను. అత్త నోట్లో పొగచుట్ట ఇటునుంచి అటు తిప్పింది.

"మొగోడి పాత సంగతులు తవ్వకే అమ్మాయ్. ఎంత తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. ఆ పెట్టెట్టుకెళ్ళి అటకెక్కించెయ్."

మంచి మాటే. కానీ నేను లోపలికి వెళ్ళి మళ్ళీ పీట వేసుకున్నాను.

"నీ గొంతు ఎవరిది?" అన్నాను.

"హైమావతిగారిదండి. మడలవాడలో ఉండేవారు. పచ్చడి కూడా ఆవిడే చేసేవారు. ఈ గొంతు బాబుగారు ఆవిణ్ణి అడిగి తీసుకున్నారు."

"అడిగి తీసుకున్నారా?"

"ఎంతో బతిమాలారండి."

మా పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఈత వచ్చా?" అని. వచ్చన్నాను. సరే అన్నారు. అంతటితో పెళ్ళి కుదిరిపోయింది. మరి ఇక్కడేమో బతిమాలారట. ఎలా బతిమాలారు? నిలబడా, కూర్చునా? ఏమని పిలిచి బతిమాలారు? నా కళ్ళకు మా ఆయన చేతులు జోడించి నిలబడ్డట్టు, ఎదురుగా ఒక సన్నజాజి తీగలాంటి మనిషి నవ్వుతున్నట్టు కనిపించింది.

"అంత ప్రాణమైతే ఆ హైమావతి ఇంటికే పోకపోయారా!" అని అరిచాను.

"అలాగేనండి. వెళదాం" అంది పెట్టె.

కింద లంగరు గొలుసు గలగలమంది.

అదే రోజు. నడినీళ్ళలో. గాలి చాలానే ఉంది.

నావపుస్తకంలో ప్రయాణం రాయడం ఇదే మొదటిసారి. ఇల్లు ఊగుతోంది, అక్షరాలు వంకర పోతే రేవువారు క్షమించాలి.

ముందు చప్పుడు విని తలుపు దగ్గరకు పరుగెత్తాను. వరస వెనక్కి పోతోంది. పక్కింటికీ మాకూ మధ్య కట్టిన దండెం తెగి, అప్పాయమ్మత్త కొడుకు లుంగీలన్నీ మా చూరుకు జెండాల్లా వేలాడుతున్నాయి. పెరటివైపు నుంచి కేకలు.

"ఒసే వేణీ! ఎక్కడికెల్తన్నాదే మీ ఇల్లు?"

కూరమడి మా గుంజకు కట్టి ఉంది కదా. దాంతోపాటు అత్త కూడా వస్తోంది, ఒళ్ళో వంకాయల బుట్టతో.

"హైమావతి ఇంటికి అత్తా!"

"ఎవత్తే ఆవిడ?"

"చెప్పానుగా పొద్దున్న!"

"తవ్వొద్దన్నానుగా పొద్దున్న!"

తాడు లాగి అత్తను పెరట్లోకి ఎక్కించాను. ఇద్దరం వంటింట్లోకి వచ్చి పెట్టె తీగ పీకాం. దీపం ఆరింది. హమ్మయ్య అనుకునేలోగా అటక మీంచి "కంగారు పడకండి, వచ్చేస్తున్నాం" అని వినిపించింది. నిన్న రాత్రి నన్ను పడుకోమని చెప్పి, అది పైనున్న పాత ఫోన్లన్నిటినీ నిద్రలేపి వాటిలోకి కూడా దూరింది. ఒకటి ఆపితే ఇంకొకటి అందుకుంటోంది. తుడుపుమర కూడా అదే తియ్యని గొంతుతో "జాగ్రత్తండి, గడప" అంటోంది. అత్త పప్పుగుత్తి ఎత్తింది. నేనే ఆపాను. ఎన్నింటిని కొడతాం?

లంగరును చేత్తో వేద్దామని చక్రం పట్టుకున్నాను. ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. అప్పుడు ఆయనకు ఫోన్ చేశాను.

"ఏవండీ, ఇల్లు తీసుకుని హైమావతిగారింటికి వెళ్తున్నాను."

"ఏ హైమావ..." అని మాట మధ్యలో మింగేశారు. తర్వాత గొంతు మారిపోయింది. "వేణీ, దాన్ని నువ్వు తగిలించావా?"

"దాన్ని అంటారేంటి? ఆవిణ్ణి అనండి. బతిమాలి తెచ్చుకున్నారుగా."

"అది తర్వాత తిడుదువుగాని. ఎక్కడున్నారు మీరు? ఎదురుగా ఏం కనిపిస్తోంది?"

చూశాను. ఎదురుగా హద్దు చూపే ఎర్రబుడ్లు తేలుతున్నాయి. అవి దాటితే ఓడల దారి. దూరంగా ధాన్యపు ఓడ ఒకటి, కొండ కదిలినట్టు వస్తోంది. చెప్పాను.

"అమ్మో! ఇల్లు ఎడమకు ఒరిగుంది. ఓడ అల ఎడమపక్క నుంచే కొడుతుంది. నీళ్ళు లోపలికొచ్చేస్తాయి. అటక మీదున్నదంతా కుడిపక్కకు మార్చండి. నా మాట విను వేణీ, అలక తర్వాత. నేను పడవేసుకుని వచ్చేస్తున్నాను."

ఆయన గొంతులో భయం నేను మొదటిసారి విన్నాను. అది నా కోసమా, పెట్టె కోసమా అన్న అనుమానం ఆ నిమిషంలో కూడా వచ్చింది. ఏం మనిషినో!

నేను అటకెక్కి అందిస్తే అత్త కింద అందుకుని కుడిపక్కకు చేరవేసింది. ఇస్త్రీపెట్టెలు, పంకాలు, మోటార్లు. "సముద్రంలో పారేద్దాం" అన్నాను. "మన వలల్లోనే పడతాయే" అంది అత్త రొప్పుతూ. ఒక్కొక్కటీ దిగుతుంటే ఇల్లు కొంచెం కొంచెంగా నిటారవుతోంది. ఓడ మా పక్కనుంచి వెళ్ళింది. పైనుంచి ఎవరో వంగి మమ్మల్నీ, చూరుకు వేలాడే లుంగీలనూ చూసి చెయ్యి ఊపారు. తర్వాత అల వచ్చింది. గిన్నెలన్నీ కింద పడ్డాయి. గడప మీదుగా మోకాలెత్తు నీళ్ళు లోపలికి వచ్చి, కూరమడి నుంచి రెండు వంగమొక్కలను మా వసారాలో వదిలి వెళ్ళాయి. ఇల్లు మాత్రం మునగలేదు.

అత్త గోడకు చేరగిలబడి దండం పెట్టుకుంది. నేను బట్టల పెట్టె తెరిచి గంధంరంగు పట్టుచీర తీశాను.

"ఏంటే ఇది?" అంది అత్త.

"ఆవిడింటికి తడిచీరతో వెళ్ళనా?"

"మునిగిపోబోయాం కదే ఇప్పుడే!"

"మునిగితే పట్టుచీరతోనే మునుగుతాను."

కుచ్చెళ్ళు పోసుకుంటున్నాను. దూరంగా ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్ల వరస కనిపిస్తోంది, అదే మడలవాడ.

బహుళ చవితి. పొద్దున పోటు. తూర్పుగాలి, చల్లగా ఉంది. నీళ్ళు నిండుతొట్టి.

నిన్న మధ్యాహ్నం జరిగింది నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఇల్లు నేరుగా వెళ్ళి మడలవాడలో ఒక పెద్ద పడవకు ఆనుకుని ఆగింది. అది పూటకూళ్ళ పడవ. బల్లల ముందు మట్టి తవ్వే కూలీలు, తేనె పట్టేవాళ్ళు భోజనాలు చేస్తున్నారు. మా ఇంటి పాత ఫోన్లన్నీ ఒక్కసారిగా "హైమావతిగారూ, బాబుగారి ఇల్లు వచ్చిందండి" అని పిలిచాయి. తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

వంటసాల నుంచి ఒకావిడ గరిటెతో బయటికి వచ్చింది. లావుపాటి మనిషి, నెరిసిన జుట్టు, నుదుటి మీద పిండి. సన్నజాజి తీగ కాదు, గుమ్మడిపాదు. ఆవిడ మా గుమ్మంలో నిలబడి ఆ గొంతు విని గరిటె జారవిడిచింది.

"ఇది నా గొంతు కదా!" అంది. ఆవిడ గొంతు ఇప్పుడు బొంగురు. ఇసుక మీద బొచ్చె ఈడ్చినట్టు ఉంది. "పొయ్యి పొగకీ, ఇంజిన్ల మోతలో అరుపులకీ పోయిందమ్మా. ఎన్నాళ్ళయిందో విని. నీకెక్కడిది తల్లీ?"

నేను పమిట సర్దుకున్నాను. దారిపొడుగునా తయారుచేసుకున్న మాట అన్నాను. "మా ఆయనకు మీరిచ్చిందేనండి. ఎంతో బతిమాలి తీసుకున్నారట."

"ఓ, భోజనానికి పిలిచే గొంతా! అందరూ బతిమాలేవారమ్మా. నా దగ్గర తినే కుర్రాళ్ళు రేవంతా పడవల్లో ఉండేవారు. వేళకి అందర్నీ కేకెయ్యలేక గొంతు పట్టించి తలా ఒకటి ఇచ్చేశాను. అది లేనోడికి ఆ పూట అన్నం లేదు మరి!"

అందరికీ! నాకు నవ్వాగలేదు. మూడురోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. "మా ఆయన భీమశంకరంగారు" అన్నాను తేలిగ్గా.

"ఎవరమ్మా ఆయన?" అంది హైమావతి.

నవ్వు ఆగిపోయింది.

"భీమశంకరంగారండి. పంపుల పని. పొడుగ్గా ఉంటారు."

"పొడుగోళ్ళు చాలామంది ఉండేవారు."

"బీరతొక్కు పచ్చడంటే ప్రాణం. గిన్నె నాకేసేవారట."

"నాకనోడెవడమ్మా?"

"వానొస్తే పాడేవారు!"

"వానొస్తే అందరూ పాడేవోరే. పనుండేది కాదుగా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈవిడ పెట్టెను మా ఆయన పట్టుకండువాలో చుట్టి, దుమ్ము పడకుండా ఇన్నేళ్ళు దాచుకున్నారు. ఈవిడకు ఆయన పేరు కూడా గుర్తులేదా? నా మొగుడంటే అంత తీసిపారేసినట్టుందా? మూడురోజుల నుంచీ ఆవిడ మీదున్న కోపం పోయి, అంతకు రెట్టింపు కోపం ఇంకో వైపు నుంచి వచ్చింది. "బాగా ఆలోచించండి. నడిచేటప్పుడు ఎడమభుజం కొంచెం ఊపుతారు. నవ్వితే ఒక్క బుగ్గే నవ్వుతుంది" అంటూ పోయాను. ఆవిడ పాపం ఎంతో ఆలోచించి, తల అడ్డంగా ఊపింది.

అప్పుడే పడవ చప్పుడు వినిపించింది. మా ఆయన. కేంద్రం వాళ్ళ చిన్నపడవ వేసుకుని, తడిసి ముద్దయి వస్తున్నారు. నన్ను గుమ్మంలో చూసి ముందు గుండెమీద చెయ్యి వేసుకున్నారు. అది నేను చూశాను, కాబట్టి రాయాలి. తర్వాత పూటకూళ్ళ పడవను చూశారు. చేత్తో జుట్టు వెనక్కి దువ్వుకున్నారు. చొక్కా లాక్కున్నారు. పొట్ట లోపలికి పీల్చుకున్నారు.

మా పెళ్ళిలో కూడా ఆయన పొట్ట పీల్చుకోలేదు. అప్పుడు పొట్ట లేదనుకోండి. ఆ క్షణంలో నేను కుళ్ళి చావవలసింది. అలా జరగలేదు. ఆయన ఆ పొట్టను అలా పట్టుకుని మెట్లెక్కి రావడం, ఈవిడ "ఎవరండీ మీరు?" అనడం, ఆ ఒక్క బుగ్గ నవ్వు అక్కడే పడిపోవడం కళ్ళకు కట్టింది. అది నేను చూడలేను.

హైమావతి రెండు చేతులూ పట్టుకున్నాను.

"అక్కా, ఆయనే. మీరు గుర్తున్నట్టు చెప్పండి. పేరు భీమశంకరం. పంపుల పని. మీకు పుణ్యముంటుంది."

ఆవిడ నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. పట్టుచీరనూ, నా చేతులనూ చూసింది. అప్పాయమ్మత్త వెనకనుంచి "దీనికి పిచ్చి ముదిరిందమ్మా" అంది. హైమావతి నుదుటి మీది పిండి తుడుచుకుని రేవులోకి నడిచింది.

"అబ్బో! ఎవరూ, మన శంకరంగారే! ఇన్నాళ్ళకి దారి కనపడిందా?"

ఆయన మెట్టు మీదే ఆగిపోయారు. మొహం మతాబాలా వెలిగింది.

"గుర్తున్నానా హైమావతిగారూ?"

"ఎలా మర్చిపోతానండీ బాబూ? మీ పాటలూ, మీ పంపులూ! రండి రండి, తొక్కుపచ్చడి చేయించనా?" ఇంతవరకూ బాగానే ఉంది. అక్కడితో ఆపొచ్చు కదా. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, దవడ కింద చెయ్యి పెట్టుకుని, "ఎంత చిక్కిపోయారండీ! ఇంట్లో సరిగా పెట్టట్లేదా ఏంటి?" అంది. అంటూ నావైపు చూసి కన్నుగీటింది.

గుర్తున్నట్టు చెప్పమని నేనే చెప్పాను. చిక్కిపోయారనమని చెప్పలేదు.

ఆయన మూడుసార్లు అన్నం వడ్డించుకున్నారు. పచ్చడి గిన్నె నాకారు. "మరి నాకు పడదన్నారు?" అన్నాను చెవిలో. "మొదట్లో నువ్వు చేసిన దాంట్లో ఉప్పు మరిచిపోయావే. ఏడుస్తావని అలా అన్నాను" అన్నారు. ఇన్నేళ్ళు ఆ పచ్చడి తినకుండా ఉండిపోయారు, నేను ఏడవకుండా. ఆయన మంచినీళ్ళగ్లాసు నింపాను.

వెళ్ళేముందు హైమావతి పెట్టె కేసి చూస్తూ, "నా మనవరాలు నా అసలు గొంతు ఎప్పుడూ వినలేదండీ" అంది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీదే కదండీ, ఉంచేసుకోండి" అని ఇచ్చేశారు. కండువా మాత్రం నేను లాక్కున్నాను. ఆవిడ నాకు బుట్టెడు చిక్కుడుకాయలిచ్చింది. అప్పాయమ్మత్తను కూడా కూర్చోబెట్టి భోజనం పెట్టింది. అత్త వంగమొక్కల నష్టం గురించి మాట్లాడటం మానేసింది.

ఆయన పాత సరంగు పేరు కొట్టేయించగానే ఫోన్లన్నీ మూగబోయాయి. మా సరంగు మళ్ళీ నోరు తెరిచి, ధరవరలు చదువుతూ ఇంటిని వెనక్కి తెచ్చింది. రేవు కార్యాలయం వాళ్ళు ఎదురొచ్చి చీవాట్లు పెట్టారు. పాతసామాన్ల పడవ మళ్ళీ వచ్చేసరికి ఒక్క మోటారు కూడా మిగలకూడదన్నారు. ఆయన బుద్ధిగా తలూపారు.

ఈ పొద్దున వసారాలో కూర్చుని ఆ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. కేంద్రంలో తన వంతు ఇంకొకరికి అప్పగించి ఉండిపోయిన ఆయన వచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నారు. నిన్నటి నుంచీ మొహంలో ఆ వెలుగు అలాగే ఉంది.

"చూశావా? ఇన్నేళ్ళయినా ఇట్టే గుర్తుపట్టేసింది."

"చూశాను."

"పాటలు కూడా గుర్తున్నాయి ఆవిడకి."

"విన్నాను."

తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "వేణీ, కుళ్ళుకుంటున్నావా?" అని అడిగారు. ఆ అడగడంలో ఎంతో ఆశ ఉంది. పిల్లవాడు మిఠాయి ఉందా అని అడిగినట్టు.

"ఆవిడకు మీ పేరు కూడా తెలియదండీ" అనే మాట నాలుక చివరకు వచ్చి కూర్చుంది. ఒక్కసారి పెదవి విప్పితే చాలు, చిక్కిపోయారన్న మాటకు కూడా బదులు తీరిపోతుంది. ఎంత తియ్యగా ఉందో ఆ మాట! కాసేపు నోట్లోనే ఉంచుకుని, మింగేశాను.

"కుళ్ళుకోనా మరి? ఒళ్ళంతా మండిపోతోంది" అన్నాను.

"నిజంగా?"

"నిజంగానే."

ఆయన ఒక్క బుగ్గతో నవ్వి, నా ఒళ్ళోని చిక్కుడుకాయలు సగం తన ముందుకు లాక్కుని, పెళ్ళయ్యాక ఎన్నడూ లేనిది, ఈనెలు తీయడం మొదలుపెట్టారు. ఈనెలు గిన్నెలో వేసి, కాయలు నీళ్ళలోకి విసిరేస్తున్నారు. నేనేమీ అనలేదు.